బండెక్కిన కోళ్ళు

మా కాలనీలో ఒకాయన ఈమధ్య కోళ్ళు తెచ్చుకున్నాడు. పెంచుతున్నాడని మాత్రం అనను. బెంగుళూరు నుంచి తెప్పించిన ఆకుపచ్చ ఇనుప బోనులో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి, వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తున్నాడు. మదనపల్లెలో కొన్నాళ్ళుగా ఒకటే ముసురు. హార్స్లీ కొండ మబ్బులో మునిగి కనిపించడమే మానేసింది. నిన్న పొద్దున ఆయన గొడుగేసుకుని మా గేటు దగ్గరికి వచ్చి, "మేడమ్, మీది పల్లెటూరు కదా, మా కోళ్ళు గురగురమంటున్నాయి, కొంచెం చూస్తారా" అన్నాడు. వెళ్ళి చూశాను. కింద సిమెంటు, సిమెంటు మీద నీళ్ళు, నీళ్ళలో నానిన రంపపు పొట్టు. గాలి మాత్రం ఎక్కడా దూరకుండా బోను చుట్టూ ప్లాస్టిక్ పట్ట బిగించి కట్టాడు. పట్ట ఎత్తగానే ఘాటు కళ్ళలో కొట్టింది.

"ముందు ఆ నీళ్ళు బయటికి పోయే దారి చెయ్యండి. ఆ పట్ట పైభాగం విప్పండి" అన్నాను.

"దారి అంటే టైల్స్ పగలగొట్టాలి మేడమ్" అన్నాడు, నేనేదో ఆయన తల పగలగొట్టమన్నట్టు.

ఇలాంటి మనిషిని నేను ఇంతకుముందు చూశాను. ఆయన పెట్టిన అన్నం తిని పెరిగాను కూడా. ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నా ఆ వాసన పోలేదు. తడిసిన ఈకలు, పులిసిన పెంట, నానిన గోతాం, వీటన్నిటినీ కలిపితే వచ్చే వాసన అది. మా ఊరి వాసన.

మా ఊరు పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య, బస్సు దిగాక చాలాసేపు నడవాల్సిన చోట ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది. ప్లాట్లు వేశారు, రంగురాళ్ళు పాతారు, ఆర్చి కట్టారు. నేను చెబుతున్న ఊరు మాత్రం లేదు. వేరుశెనగ, మా మాటలో చెనిక్కాయలు, వేసి ఆకాశం వంక చూస్తూ కూర్చునే ఊరు అది, రేడియోలో వాతావరణం చెబుతుంటే పిల్లలు దగ్గినా కొట్టే ఊరు. అది పోయినందుకు నాకేమీ బాధ లేదు. ఆ రోజులే వేరు అని నిట్టూర్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. వేరే, నిజమే. అయితే ఏమిటట?

మా తాతకు నీళ్ళంటే పిచ్చి. ఊళ్ళో ఆయనకున్న పేరంతా ఒక్క మాట మీద నిలబడింది. నా గెనిమ దాటి నీళ్ళు పోవు, అనేవాడు. గెనిమ అంటే చేనుగట్టు. పైచేలోంచి దిగిన వాననీరు మా చేలో ఆగిపోవాలి, కిందిచేనువాడి బాధ కిందిచేనువాడు పడాలి. దీన్ని ఆయన సేద్యం అనేవాడు. కిందిచేనువాళ్ళు పెట్టిన పేరు ఇక్కడ రాయలేను. వాన పడితే గొడుగూ పారా పట్టుకుని గెనిమ మీద కాపలా కాసేవాడు. నీళ్ళు దొంగల్లా పారిపోతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే బతికాడు, దానితోనే మా అందరి ప్రాణాలూ తీశాడు.

ఆయనకున్న రెండో గొప్ప ఎద్దులబండి. చక్రాలకు ఎర్రరంగు, కాడికి ఇత్తడి పువ్వులు. ఊళ్ళో ఎవరికీ అరువివ్వడు. పెళ్ళిళ్ళకు అడిగితే, "బండి పనిలో ఉండాది" అనేవాడు. పనీ లేదు, పాడూ లేదు. అసలు ఎద్దులే లేవు. కరువులో పుంగనూరు సంతకు తోలి అమ్మేశాడు. అందరూ అమ్మారు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ మా తాత అమ్మలేదట. పెద్దమండ్యం దగ్గర చుట్టాలింటికి మేతకు పంపాడట. పెద్దమండ్యంలో మేత ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అది మాకంటే ఎండిన జాగా. అయినా ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ప్రతి శుక్రవారం ఆయన ఇరుసుకు ఆముదం పూసి, చక్రాలకు పసుపు కుంకుమ పెట్టి, కదలని బండికి కదిలే బండికి చేసే సేవలన్నీ చేసేవాడు. ఇంటి ముందు ఎత్తుగా ఉన్న జాగాలో దానికి ప్రత్యేకంగా ఒక కొట్టం. చెరుకాకు కప్పు ఏటా మార్పించేవాడు. మా వంటిల్లు కారుతుంటే మాత్రం అమ్మ కింద గిన్నెలు పెట్టుకునేది.

ఇక మా అత్త. నాయనకు అక్క. ఆమెను కుప్పం అవతల, గుడుపల్లె వైపు ఇచ్చారు. సంబంధం తాతే చూశాడు. ఇల్లు చూశాడు, పొలం చూశాడు, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తాడు వదిలి మరీ చూశాడు. మనిషిని చూడలేదు. ఆ మనిషి కోలారు వైపు ఇంకొక కాపురం పెట్టుకుని, ఒకరోజు మా అత్తను పెట్టెతో సహా బస్సెక్కించి పంపేశాడు. ఆమె వచ్చి వాకిట్లో నిలబడితే తాత కొంచెంసేపు మీసం దువ్వుకుని, "ఏమన్నా కానీ, ఆ ఇంట్లో బాయి మాత్రం మంచిది" అన్నాడు. ఈ మాట మా అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ నవ్వేది, నవ్వాక ముఖం తిప్పుకునేది.

అప్పటినుంచి అత్త మా ఇంట్లో. రాగిసంగటి కెలకడం, చారు కాయడం, కసువు ఊడ్వడం, ఉప్పు ఎక్కువైందని తాత చేత మాటలు పడటం ఆమె పని. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నవి కోళ్ళు. వస్తూ వస్తూ గంపలో తెచ్చుకున్న ఒక పెట్ట నుంచి మొదలుపెట్టి, నాకు ఊహ తెలిసేసరికి ఇంటి వెనక ఒక దండు తయారుచేసింది. బండలు నిలబెట్టి గూడు కట్టింది. గూటి ముందు మల్బరీ కట్టెలతో దడి కట్టి, అవి తిరగడానికి జాగా చేసింది. గుడ్లమీద పొదిగే పెట్టను చూసేందుకు వెళ్ళేటప్పుడు ఆమె నడకే మారిపోయేది, చప్పుడు చెయ్యకుండా కాలివేళ్ళ మీద వెళ్ళేది.

పుంగనూరులో ఒక సందులో, వెనకాల ఖాళీ జాగా ఉన్న చిన్న ఇల్లు చూసిపెట్టుకుంది అత్త. గంగమ్మ జాతర వస్తుందంటే పుంగనూరంతా కోళ్ళ కోసం తిరుగుతుంది. ఆ లోపల కోడిపిల్లలన్నీ చేతికొస్తే వెళ్ళిపోవాలని ఆమె ఆలోచన. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పడానికి కారణం, నేను ఎప్పుడూ ఆ దడి దగ్గరే ఉండేదాన్ని.

"ఇవి బతికితే నేను బతికినట్టే మే" అంది ఒకరోజు పిల్లలకు నూకలు చల్లుతూ. "ఇవి పోయినాయంటే, మీ తాత కూట్లో ఉప్పు జూసుకుంటా ఈడనే సస్తా."

ఆ ఏడు ఎండాకాలంలో ఊరంతా కప్పకు పెళ్ళి చేసింది. రోకలికి వేపాకు కట్టి, దాని మధ్య కప్పను కట్టి, పిల్లలం ఇంటింటికీ మోసుకు తిరిగాం. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి దానిమీద పోశారు. తాగడానికి లేని నీళ్ళు కప్పమీద పోసి వాన అడగటమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. కప్ప మాత్రం హాయిగా ఉండింది. రోకలి ఒక కొస నేను మోశాను, భుజం కమిలిపోయింది. పంచిన బెల్లంముక్క చేతిలోనే కరిగి చీమలు పట్టింది.

కప్ప మాట ఆలస్యంగా విన్నారో ఏమో, కార్తీకంలో వచ్చింది వాన. మద్రాసు దగ్గర వాయుగుండం అని రేడియో చెప్పింది. మొదటిరోజు ఊళ్ళో మగవాళ్ళు చొక్కాలు విప్పి వీధిలో నిలబడ్డారు. మా నాయన కూడా. రెండోరోజు నుంచి ఇళ్ళలో కట్టెలు అంటుకోవడం మానేశాయి. ముసురు పట్టుకుంది. ఆగదు, పెద్దగా కురవదు, తిష్ఠ వేసిన చుట్టంలా కదలదు.

అప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఊళ్ళోనూ ఉండేదేమో గానీ మా ఇంట్లో మరీ గట్టిగా ఉండేది. అడిగి తెచ్చుకున్న వానను ఒక్క మాట అనకూడదు. పాడు వాన అనకూడదు, ఆగితే బాగుండు అనకూడదు, చాలు అని అసలే అనకూడదు. అన్నం వడ్డించేటప్పుడు కూడా, "చాలు" అనకుండా చెయ్యి అడ్డం పెట్టాలి. ఒకరోజు నాకు అనపగింజల పులుసు ఎక్కువ పోస్తుంటే నోరు జారి, "చాలు" అన్నాను. తాత చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసి, "ఎవుర్నే నువ్వు పొమ్మనేది?" అని నా మీద లేచాడు. పులుసు గురించి అన్నానని చెప్పడానికి ఎవరూ నోరు తెరవలేదు. మా నాయన పళ్ళెంలోకి వంగి, అందులో ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతుక్కున్నాడు. మా నాయన జీవితమంతా అలా వెతుక్కుంటూనే ఉన్నాడు.

వాన వచ్చిన ఆనందంలో మా తాత పార పట్టుకుని ఇంటి వెనక్కు వెళ్ళాడు. మా ఇంటి వెనక గోడ అడుగున ఒక తూము ఉండేది. ఇంటి కప్పు మీది నీళ్ళూ, వెనక జాగాలో నీళ్ళూ అందులోంచి వీధి కాలవలోకి పోయేవి. ఆయన ఆ తూము నిండా రాళ్ళూ బంకమట్టీ కుక్కి మూసేశాడు. తన ఇంటి నీళ్ళు వీధిలోకి పోవడం తన పేరుకు మచ్చ అట. మూలన పాత బావి ఒకటి ఉంది, రాతికట్టుది, బోర్లు వచ్చాక ఎండిపోయింది. కప్పు మీది నీళ్ళన్నీ ఆ బావిలోకి మళ్ళించడానికి ఒక కాలవ తవ్వాడు. కాలవ ఎక్కడినుంచి పోవాలి? చూరు నుంచి బావికి తిన్నగా గీత గీస్తే మధ్యలో వచ్చేది అత్త కోళ్ళ దడి. ఆయన తిన్నగానే గీశాడు. దడిలో రెండు కట్టెలు పీకి అటు పారేశాడు.

అత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది. "నాయనా, ఆడ కోడిపిల్లలుండాయి గదా. నీళ్ళు గూట్లోకి పోతాండాయి సూడు."

"కోళ్ళకు కాళ్ళుండాయి గదా. జరగమను" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

జరగడానికి జాగా లేదు. ఆ కాలవ పేరుకే కాలవ, నీళ్ళు దాని గట్లు దాటి జాగా అంతా పరుచుకున్నాయి. బావిలోకి పోయేది కొంచెం, నిలబడేది ఎక్కువ. ఆ రోజు సాయంత్రానికి కోళ్ళు ఒంటికాలి మీద, మెడ ఈకల్లో దాచుకుని నిలబడ్డాయి. కాళ్ళకు బురద ఉండలు కట్టింది. మా అత్త ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని గోరువెచ్చని నీళ్ళతో ఆ ఉండలు నానబెట్టి తీసేది, తీసి కింద వదిలితే మళ్ళీ బురదే. చెనిక్కాయ పొట్టు గంపలతో తెచ్చి పోసింది. అది తేలింది. పొయ్యిలో బూడిద పోసింది. అది పిండిలా కలిసిపోయింది. ఇసుక పోసింది, యూరియా గోతాలు విప్పి కుట్టి పైన కప్పు వేసింది. పైనుంచి చుక్క పడకుండా చేయగలిగింది గానీ, కిందినుంచి వచ్చేదాన్ని ఎవరు ఆపుతారు? పొట్టు మీద పొట్టు పోసేకొద్దీ అడుగున కుళ్ళి ఆవిరి లేచేది. గూట్లో తల పెడితే కళ్ళవెంట నీళ్ళు.

మొదట పిల్లలు పోయాయి. పొద్దున లేచేసరికి ఒక మూల ఒకదానిమీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్నవి చల్లబడిపోయి ఉన్నాయి. అత్త వాటిని చేటలోకి ఎత్తి కొంగు కప్పింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను, కోపంతో. ఆ రోజు మధ్యాహ్నం తాత కునుకు తీస్తుంటే, వెళ్ళి తూములో రాళ్ళు ఒకటొకటిగా పీకాను. నీళ్ళు బుసబుసమని వీధిలోకి దూకుతుంటే ఎంత సంబరమో చెప్పలేను. ఆ సంబరం ఆయన లేచేదాకానే. లేచి, చెవి పట్టుకుని నన్ను తూము దగ్గరికి ఈడ్చుకెళ్ళి, నా చేతనే రాళ్ళు పెట్టించి, నా చేతనే బంకమట్టి పూయించాడు. పోయిన నీళ్ళ కోసం ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. చేటలో పిల్లల్ని చూసినప్పుడు మాత్రం, "పాతిపెట్టు, వాసనొస్తాది" అన్నాడు.

అత్త మా నాయనను అడిగింది. "నువ్వన్నా చెప్పు తమ్ముడా. ఒగ మాట. తూము ఇంత సందు ఇడవమను."

మా నాయన వాన వంక చూశాడు. "సూస్తాం లేక్కా" అన్నాడు. ఆయన చూడని విషయం లేదు. చూసి ఏదైనా చేసింది మాత్రం నాకు గుర్తులేదు.

అప్పుడు అత్త అనేసింది. వాకిట్లోకి వచ్చి, వానలో నిలబడి, మొహం పైకెత్తి, ఇంట్లో వాళ్ళందరికీ వినబడేలా అంది. "సాలు తల్లీ. ఇంగ సాలు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏం జరుగుతుందోనని నేను స్తంభం పట్టుకున్నాను. ఏమీ జరగలేదు. వాన ఆగనూ లేదు, ఎక్కువ కానూ లేదు. అన్నాళ్ళు మేము గొంతులో దాచుకున్న మాటకు అంతే విలువ.

మర్నాడు పొద్దున తాత వేపపుల్ల నములుతూ బయటికి వచ్చి బండికొట్టం ముందు నిలబడిపోయాడు. బండి మీద కోళ్ళు. బండి అడుగున కోళ్ళు కాదు, పైన. అత్త తెల్లవారకముందే అన్నిటినీ చేరవేసింది. బండి పలకల మీద పొడి చెనిక్కాయ పొట్టు మందంగా పరిచింది. గాలి కొట్టే పక్క గోతాం పట్ట కట్టింది, పైన మాత్రం జానెడు సందు వదిలింది. పొదిగే పెట్ట ఉన్న గంప ఒక మూల. ఎర్రపుంజు కాడి మీదికెక్కి, ఇత్తడి పువ్వుల మధ్య కాళ్ళు పెట్టుకుని, రెక్కలు కొట్టి, అన్నాళ్ళ తరవాత మొదటిసారి గొంతెత్తి కూసింది. పసుపు కుంకుమ పెట్టిన చక్రం మీదికి తెల్లగా ఏదో జారింది.

మా తాత నోట్లోంచి వేపపుల్ల కింద పడింది.

"దించు" అన్నాడు.

అత్త పొట్టు సర్దుతూనే ఉంది.

"నా బండి మింద కోళ్ళా? లచ్చిమి అది. దించుతావా, మెడలిరిసి గుంతలో పారెయ్యమంటావా?"

అత్త బండి దిగి ఆయన ముందుకు వచ్చి నిలబడింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఎద్దుల్ని తోలుకోనిరా నాయనా. కాడికి కట్టు. అప్పుడు దించుతా."

ఎద్దులు పెద్దమండ్యంలో మేస్తున్నాయి కదా, తోలుకొస్తానని అనొచ్చు. అనలేకపోయాడు. అమ్మాను అనీ అనలేకపోయాడు. పెదాలు కదిపాడు, కింద పడ్డ వేపపుల్ల తీసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. మట్టి అంటిన పుల్ల అది. నాకు ఎంత తృప్తిగా ఉందో ఇప్పటికీ దాచుకోలేను.

ఆ తరవాత రోజులు బాగుండినాయి. ముసురు ముసురే, కానీ బండికొట్టంలో మాత్రం వేరే కాలం. బండి ఎత్తున ఉండటం వల్ల అడుగునుంచి గాలి ఆడేది. తడిసిన పొట్టు అత్త చేత్తో తీసి పారేసేది, పొడిది జల్లేది. కోళ్ళు ఈకలు విప్పుకుని ముక్కులతో దువ్వుకునేవి. గురగుర తగ్గింది. నేను బడి ఎగ్గొట్టి చక్రం చువ్వలకు ఆనుకుని కూర్చుని, విత్తనాలకు పెట్టిన చెనిక్కాయలు దొంగిలించి తినేదాన్ని, సగం నేను, సగం పుంజు. అమ్మ అనపగింజలు నానబెట్టి మా ముందే కూర్చుని పితికేది. వాటి పచ్చివాసన, ఆముదం వాసన, కోళ్ళ వెచ్చటి వాసన కలిసిపోయేవి. అమ్మా అత్తా ఏవో గుసగుసలాడుకుని నవ్వుకునేవాళ్ళు. తాత వసారాలో గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. ఉప్పు సంగతి ఎత్తలేదు.

కానీ తూము తెరవలేదు. కోళ్ళు లేని జాగాలో ఇప్పుడు ఆయనదే రాజ్యం. కాలవను ఇంకా వెడల్పు చేశాడు, బావి చుట్టూ మట్టి కోసి నీళ్ళను దగ్గరికి తెచ్చాడు. రోజూ బావిలోకి తొంగిచూసి, "వస్తాండాది, వస్తాండాది" అని గొణుక్కునేవాడు. ఎన్నో ఏళ్ళుగా ఎండి, రాళ్ళ వెనక మట్టి వదులైపోయిన బావి అది. నీళ్ళు రాళ్ళ మీదినుంచి కాదు, వెనకనుంచి దిగుతున్నాయి. ఆయన వాటిని అలాగే దిగనిచ్చాడు.

ఒకరోజు పొద్దెక్కాక, అమ్మ పులుసు తాలింపు వేస్తుండగా వెనకనుంచి బస్తాలు దొర్లినట్టు చప్పుడు వచ్చింది. నేల అదిరింది. అందరం పరుగెత్తాం. బావి లేదు. బావి ఉన్న చోట ఇంటి గదంత గుంత, ఎర్రటి బురద నురగలు కక్కుతోంది. వెనకగోడ సగం అందులోకి పోయింది. బొప్పాయి చెట్టు తలకిందులుగా నిలబడింది. అత్త బండలతో కట్టిన కోళ్ళగూడు, మల్బరీ దడి, కుట్టిన గోతాం కప్పు, ఏవీ లేవు. ఆ గూట్లోనే ఉండి ఉంటే ఒక్క కోడీ మిగిలేది కాదు. మా అత్త గుంత చూసింది, వెనక్కు తిరిగి బండికొట్టం వైపు చూసింది, నా భుజం మీద చెయ్యి వేసింది.

తాత గొడుగు కింద నిలబడి ఉన్నాడు. "నీళ్ళయితే నిలబడినాయి గదా" అన్నాడు. అది ఆయనన్న మాటే. కల్పించి చెప్పాల్సిన ఖర్మ నాకు లేదు.

చప్పుడు విని ఊరు వచ్చింది. కిందిచేను పెద్దాయన కూడా వచ్చాడు. వాన నీళ్ళ మీద మా తాతతో జీవితమంతా కొట్లాడినవాడు ఆయన. గుంత అంచున నిలబడి, నవ్వు ఆపుకుంటూ, "పాపం, ఆ బిడ్డ కోళ్ళన్నీ పోయినట్టే గదప్పా" అన్నాడు.

అప్పుడు మా తాత ఛాతీ విరిచాడు. గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "యాల పోతాయప్పా? బాయి వాలకం జూసి నేను ముందే కనిపెట్టినా. మా పాపను పిలిసి, అమ్మా, కోళ్ళను నా బండెక్కిచ్చు అని చెప్పినా. నా బండి పోతే పోనీ, ఆడబిడ్డ కోళ్ళు బతకల్ల అన్నా."

ఊరు ఆహా అంది. నేను నోరు తెరవబోయాను. అత్త నా భుజం మీది చెయ్యి నొక్కింది, గట్టిగా, నొప్పి పుట్టేలా. ఆమె ముందుకు వచ్చి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఎంతో వినయంగా మాట్లాడింది.

"అవునప్పా, మా నాయన మనసు అట్లాంటిది. కోళ్ళనెక్కిచ్చమన్నది నిజమే. ఇంగ ఆ బండి నీదే అమ్మా అని కూడా చెప్పినాడు. పుంగనూరులో ఇల్లు జూసుకున్నా. వాన తగ్గినాక బండితోనే పోతాండాను."

నాయన అత్త వంక చూశాడు, తాత వంక చూశాడు, ఆ తరవాత కాళ్ళ దగ్గర బురద వంక చూశాడు. కిందిచేను పెద్దాయన మెల్లగా మా తాత వైపు తిరిగాడు. "ఇచ్చినావాప్పా? ఆ బండి?"

మా తాత చుట్టూ చూశాడు. ఊరంతా ఆయన ముఖంలోకి చూస్తోంది. ఒక్క క్షణం ముందు తన నోటితో తానే దాత అయిపోయాడు, ఇప్పుడు లేదంటే అబద్ధాలకోరు అవుతాడు.

"ఇచ్చినా" అన్నాడు. ఆగి, "ఎద్దులు లేని బండి నాకు యాల" అన్నాడు.

ఆ రెండో మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. పెద్దమండ్యం ఎద్దులు ఆ ఒక్క మాటతో చచ్చిపోయాయి. కిందిచేను పెద్దాయన మాత్రం, మర్యాద తెలిసినవాడు, నవ్వలేదు. "ఎద్దులు నేను పంపిస్తా అమ్మా. నువ్వు ఎప్పుడంటే అప్పుడు" అన్నాడు అత్తతో.

ఎండ వచ్చాక ఒక పొద్దున అత్త వెళ్ళిపోయింది. కోళ్ళను గంపల కింద కప్పి బండి మీద కట్టారు. పుంజు మాత్రం గంపకు ఒప్పుకోక అత్త చంకలో కూర్చుంది. అమ్మ ఊరుబిండి పచ్చడీ సంగటీ మూట కట్టి ఇచ్చింది. తాత అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళందరికీ, "మా పాపను పుంగనూరులో పెడతాండాను" అని చెప్పుకున్నాడు. అత్త ఆయన కాళ్ళకు మొక్కింది. నేనైతే మొక్కను.

పుంగనూరులో ఆ బండి మళ్ళీ కదల్లేదు. వెనక ఖాళీ జాగాలో చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, పైన రేకులు వేసి, అత్త దాన్ని కోళ్ళగూడు చేసేసింది. చుట్టూ మొదట తవ్వించింది నీళ్ళు పోయే కాలవ. ఎన్ని వానలు వచ్చినా ఆ పలకల మీద పొట్టు పొడిగా ఉండేది. జాతర ముందు ఆమె వాకిట్లో జనం నిలబడేవాళ్ళు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆమె నాకు రోజూ గుడ్డు ఉడకబెట్టేది, ఉప్పు ఆమె ఇష్టమొచ్చినంత వేసేది. ఆ బండి దాని జీవితంలో పనికొచ్చింది అక్కడే.

తాత మాత్రం ఆ కథ వదల్లేదు. చెప్పే కొద్దీ పెరిగింది. బావి కూలేముందు తానే వానలో తడుస్తూ కోళ్ళను ఒక్కొక్కటిగా మోశాడట. ఒక పెట్ట ఆయన చేతిలో గుడ్డు కూడా పెట్టిందట. కొన్నేళ్ళకు ఊళ్ళో పిల్లలకు అదే నిజమైపోయింది. ఆయన పోయిన రోజు పాడె దగ్గర ఎవరో, కూతురి కోళ్ళ కోసం బండి దానమిచ్చిన మనిషి అని ఏడ్చారు. నా పక్కన అత్త కూర్చుని ఉంది. నేను ఆమె చెవిలో, "ఇప్పుడన్నా చెప్పత్తా. నిజం ఎవరికి తెలియాలి?" అన్నాను.

ఆమె పాడె వంకే చూస్తూ, "పోనీలే మే" అంది. "ఆ పేరు ఆయనకిచ్చినా, బండి నేను తీసుకున్నా. చెల్లుకు చెల్లు."

ఆమె మనసు అంత పెద్దది. నాది కాదు. ఆ అబద్ధం మా తాతతోపాటు హాయిగా నిద్రపోవడం నాకు ఇష్టంలేదు. కోళ్ళను బండెక్కించింది మా అత్త.